గాలిని తక్కువ చేసి చెప్పే మీటరు

అమెరికాలో ఉంటున్న ఒక పాఠకుడు పాత ఫోర్డ్ మస్టాంగ్ 5.0 కొని సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంపు) బిగించుకున్నారట. కారు 1990 నాటిది. పెట్రోలు చిమ్మే పెద్ద ఇంజెక్టర్లతో పాటు 'ఈ ఇంజెక్టర్లకు కాలిబ్రేట్ చేసినది' అని, ఇంజిన్‌లోకి పోయే గాలిని కొలిచే మీటరు కూడా ఒకటి కొన్నారు. ఇంజిన్ కంప్యూటర్ జోలికి పోకుండా అది తగిలిస్తే చాలదా అని అడిగారు. తగిలిస్తే బండి నడుస్తుంది, పెట్రోలు కూడా దాదాపు సరిగ్గానే పడుతుంది. అయినా నేను వద్దనే అంటాను.

ముందు మీటరు సంగతి. గాలి దారిలో సన్నని తీగ ఉంటుంది. దాన్ని గాలికంటే ఎప్పుడూ ఒకే తేడాతో వేడిగా ఉంచాలి. గాలి ఎక్కువ పోతే తీగ ఎక్కువ చల్లబడుతుంది, నిలబెట్టడానికి ఎక్కువ కరెంటు కావాలి. ఆ కరెంటే కొలత. తూకం చూసేది వీట్‌స్టన్ బ్రిడ్జ్. ఇంటర్‌లో మనం మార్కుల కోసం లెక్కలు కట్టిన బ్రిడ్జే! అది కారు బానెట్ కింద ఉంటుందని ఏ లెక్చరరూ చెప్పడు, చెబితే క్లాసులో సగం మంది నిద్ర లేచేవారు.

తీగ పోగొట్టుకునే వేడి, సుమారుగా, గాలి ప్రవాహపు వర్గమూలంతో పెరుగుతుంది. వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వోల్టేజి నాలుగో మూలంతో పెరుగుతుంది. అంటే గాలి 16 రెట్లయితే వోల్టేజి 2 రెట్లే. పైకి పోయేకొద్దీ చిన్న వోల్టేజి తేడాలో చాలా గాలి దాక్కుంటుంది. కంప్యూటర్ చదవగలిగేది 5 వోల్టుల వరకే. అక్కడికి చేరాక ఇంకెంత గాలి వచ్చినా దానికి తెలియదు.

ఇప్పుడు లెక్క. 5 లీటర్ల ఇంజిన్, 5000 ఆర్‌పీఎం, సిలిండర్లు 80 శాతం నిండుతాయనుకుంటే గంటకు దాదాపు 720 కిలోల గాలి. సూపర్‌చార్జర్ దీన్ని 1000 కిలోల దాకా తీసుకెళ్తుందనుకుందాం. బూస్ట్‌లో, అంటే సూపర్‌చార్జర్ గాలిని ఒత్తిడితో నెడుతున్నప్పుడు, 12 కిలోల గాలికి కిలో పెట్రోలు చొప్పున గంటకు 83 కిలోలు కావాలి. కంపెనీ ఇచ్చిన ఇంజెక్టర్లు ఒక్కొక్కటి గంటకు 19 పౌండ్లవి. ఎనిమిది సిలిండర్లకున్న ఎనిమిదీ ఆగకుండా తెరిచే ఉంచినా 69 కిలోలు దాటవు. అందుకే 30 పౌండ్లవి పెడతారు.

కానీ కంప్యూటర్ ఇంకా 19 పౌండ్లవే ఉన్నాయనుకుంటోంది. ఇక్కడే కాలిబ్రేట్ చేసిన మీటరు అబద్ధమాడుతుంది. పెళ్లి భోజనాలకు 150 మంది వచ్చారు. వంటమేస్త్రి లెక్క తలకు ఒక గరిటె. మనం అతనికి తెలియకుండా ఒకటిన్నర రెట్లు పెద్ద గరిటె చేతికిచ్చి, వచ్చింది 95 మందే అని చెబుతాం. పులిహోర సరిగ్గా సరిపోతుంది! ఎందుకంటే 150ని 30తో భాగించి 19తో గుణిస్తే 95. అయితే అదే అంకె చూసి మేస్త్రి విస్తళ్లు కూడా 95కే వేయిస్తాడు. గొడవ అక్కడ మొదలవుతుంది.

ఇంజిన్‌లో ఆ విస్తళ్లు ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్క్ ఎప్పుడివ్వాలన్నది. గాలి తక్కువైతే మంట నెమ్మదిగా పాకుతుంది కాబట్టి స్పార్క్ ముందుగా ఇవ్వాలి. గాలి దట్టమైతే ఆలస్యంగా ఇవ్వాలి. సిలిండర్ నిండా కుక్కిన గాలి ఉంటే, కంప్యూటర్ తేలిక లోడ్ అనుకుని స్పార్క్ ముందుకు జరుపుతుంది. ఫలితం నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి దానంతట అదే పేలడం), ఆ తర్వాత పిస్టన్లు దెబ్బతినడం. పెడల్ పూర్తిగా తొక్కకముందే బూస్ట్ మొదలయ్యే దశలో ఇది మరీ ప్రమాదం. పూర్తిగా తొక్కినప్పుడు వాడే టైమింగ్ కూడా సూపర్‌చార్జర్ లేని ఇంజిన్ కోసం రాసిందే.

పందిరి దగ్గరే ఇంకాసేపు ఉందాం. గేటు దగ్గర లెక్కపెట్టాక కొందరు వెనక తలుపు గుండా వెళ్లిపోతే వంట మిగిలిపోతుంది. మీటరు దాటిన గాలిని, పెడల్ వదిలినప్పుడు ఎక్కువైన ఒత్తిడిని తీసేసే బైపాస్ వాల్వు బయటికి వదిలేస్తే జరిగేది అదే: పెట్రోలు ఎక్కువైపోతుంది, ఇంజిన్ ఐడిల్‌కి దిగేటప్పుడు తడబడుతుంది. ఆ గాలిని గొట్టంతో మీటరుకీ సూపర్‌చార్జర్‌కీ మధ్యలోకి మళ్లించాలి. మీటరుకీ సూపర్‌చార్జర్‌కీ మధ్య క్లాంపు వదులైతే దీనికి రివర్స్: లెక్కలో లేనివాళ్లు దొడ్డిదారిన బంతిలో కూర్చుంటారు, పెట్రోలు చాలదు.

మరి చేయాల్సిందేమిటి? 5 వోల్టులకు ముందే తన హద్దు రాని మీటరు తీసుకోండి, దాని ఫ్లో షీట్ (ఏ వోల్టేజికి ఎంత గాలో చెప్పే పట్టిక) అడిగి తీసుకోండి. ఆ కారు కంప్యూటర్‌కు వెనకవైపు చిప్ తగిలించే పోర్టు ఉంటుంది. మీటరు అసలు పట్టికనీ, ఇంజెక్టర్ల అసలు సైజునీ, బూస్ట్‌కు తగిన టైమింగ్‌నీ చిప్‌లో రాయించండి. మీటరు ముందు వీలైనంత తిన్నని గొట్టం ఉండాలి. తీగ రుచి చూసేది మొత్తం గాలిలో కొంత భాగాన్నే కాబట్టి, పక్కనే వంపు ఉంటే మీటరును కాస్త తిప్పి బిగించినా రీడింగ్ మారిపోతుంది.

మామూలు ప్రయాణంలో ఆక్సిజన్ సెన్సార్ చిన్నాచితకా తప్పుల్ని సర్దేస్తుంది, అంతా బాగుందనిపిస్తుంది. పెడల్ పూర్తిగా తొక్కితే ఆ కంప్యూటర్ సెన్సార్ మాట వినడం మానేస్తుంది. కాబట్టి గాలి–పెట్రోలు నిష్పత్తిని అంకెల్లో చెప్పే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ బిగించి, రోడ్డు మీద కాకుండా డైనో (బండిని నిలబెట్టి చక్రాలు తిప్పి పరీక్షించే యంత్రం) మీద, మీటరు వోల్టేజినీ గాలి–పెట్రోలు నిష్పత్తినీ కలిపి రికార్డు చేయించండి. వోల్టేజి 4.8 దగ్గర ఇంకా పెరుగుతూ, నిష్పత్తి 12 లోపే నిలకడగా ఉంటే మీటరు సరిపోయినట్టే. వోల్టేజి గీత పైన బల్లపరుపుగా మారి, నిష్పత్తి 13 వైపు పాకుతుంటే వెంటనే కాలు తీసేయండి.