సెల్ఫ్ తిరగనంత మాత్రాన సెల్ఫ్ పోయినట్టు కాదు: పాత మిలిటరీ ట్రక్కులు, అపోహలు - వాస్తవాలు

పాత మిలిటరీ ట్రక్కు మొండికేసిందని నాకు వచ్చే ఫోన్లలో మొదటి మాట దాదాపు ఒకటే, ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటారు గురించి: "సెల్ఫ్ పోయిందండీ, ఇంకోటి దొరుకుతుందా?" నేను అడిగేదీ ఒకటే: "బటన్ నొక్కి పట్టుకున్నప్పుడు సెల్ఫ్ దగ్గర ఎన్ని వోల్టులున్నాయి?" చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. ఎవరో చెప్పిన మాట పట్టుకుని, బండి కింద వెల్లకిలా పడుకుని, అంత బరువైన మోటారును దించి, వేరేది బిగించి, అదీ తిరగకపోతే దిగాలుపడిపోతారు. ఆ టెన్షన్ నాకు తెలుసు. ఇష్టపడి కొనుక్కున్న బండి, స్పేర్లు చూస్తే సులువుగా దొరకవు. అందుకే ఈ ఒక్క అపోహ గురించి గట్టిగా చెప్పాలి.

అపోహ: బ్యాటరీల మీద పెడితే వోల్ట్ మీటరు 24 చూపిస్తోంది. కరెంటు బాగానే ఉంది కాబట్టి సెల్ఫే పోయింది.

వాస్తవం: 24 వోల్టులు అనేది ఈ ట్రక్కుల కరెంటు సిస్టమ్‌కు పెట్టిన పేరు మాత్రమే. సిరీస్‌లో ఉన్న రెండు 12 వోల్టుల బ్యాటరీలు నిండుగా ఛార్జ్ అయి, కాసేపు ఊరికే ఉన్నాక 25.2 అయినా చూపించాలి. సరిగ్గా 24 ఉందంటే అవి చాలావరకు దిగిపోయినట్టే.

అసలు దెబ్బ ఇంకోచోట ఉంది. మీటరు తాను తీసుకునే కరెంటు దాదాపు సున్నా. లోపల చిలుం పట్టి ఒక్క పోగు మిగిలిన కేబుల్ చివర పెట్టినా అది నిండు వోల్టేజే చూపిస్తుంది. సెల్ఫ్ మాత్రం వందల ఆంపియర్లు అడుగుతుంది. 300 ఆంపియర్లు పారే దారిలో ఓమ్‌లో నూరో వంతు అడ్డు ఉన్నా 3 వోల్టులు అక్కడే పోతాయి. అలాంటి జాయింట్లు రెండు మూడు ఉంటే ఏ సెల్ఫ్ అయినా మూలుగుతుంది, లేదా అసలు కదలదు.

కాబట్టి వోల్టేజీని లోడ్ మీదే చూడాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాలకు అడ్డు వేసి, ఇంజిన్ అందుకోకుండా ఫ్యూయల్ కట్ చేయండి. మీటరు ఒక కొస బ్యాటరీ ప్లస్ పోల్ మీద పెట్టండి. క్లాంప్ మీద కాదు, పోల్ మీదే. రెండో కొస సెల్ఫ్ మెయిన్ స్టడ్ (లావు కేబుల్ బిగించే బోల్టు) మీద. ఒకరు బటన్ నొక్కుతుంటే ఇంకొకరు చూడండి. మీటరులో కనిపించేదంతా దారిలో పోతున్న వోల్టేజే. వోల్టు దాటితే తప్పు ఆ దారిలోనే ఉంది, జాయింటు జాయింటుకూ కొలుచుకుంటూ వెళ్తే దొరుకుతుంది. ఇలాగే బ్యాటరీ మైనస్ పోల్ నుంచి సెల్ఫ్ బాడీకి కొలవండి. రెండు బ్యాటరీలను కలిపే లింకు కేబుల్‌ను ఎవరూ పట్టించుకోరు, దాన్నీ చూడండి. అయితే సాలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) క్లిక్ అని కాంటాక్ట్ పడితేనే ఈ కొలతలకు అర్థం ఉంటుంది, ఎందుకంటే అప్పుడే కరెంటు పారేది. క్లిక్కే లేకపోతే ముందు చూడాల్సింది బటన్, రిలే, ఉన్న బండ్లలో న్యూట్రల్ స్విచ్ (గేరులో ఉంటే సెల్ఫ్ తిరగనివ్వనిది).

మైనస్ వైపు గురించి ఇంకో మాట. ఈ బండ్లకు సర్వీసులో ఉండగానే పెయింటు మీద పెయింటు కొడతారు. ఇంజిన్‌ను ఛాసిస్‌కు కలిపే ఎర్త్ స్ట్రాప్ విప్పినవాళ్లు పెయింటు గీకకుండానే మళ్లీ బిగిస్తారు. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి ఛాసిస్‌కూ దానికీ మధ్య కరెంటుకు సరైన దారి ఆ స్ట్రాప్ ఒక్కటే. నా దగ్గరికి వచ్చిన ఒక ట్రక్కుకు అప్పటికే సెల్ఫ్ మార్చారు, బ్యాటరీలూ మార్చారు. బటన్ నొక్కుతుంటే యాక్సిలరేటర్ కేబుల్ మీద చెయ్యి వేశాను. చురుక్కుమంది. ఎర్త్ దొరక్క కరెంటు ఆ సన్నని కేబుల్ గుండా తిరిగి వెళ్తోంది. స్ట్రాప్ విప్పితే దాని కొసన ఉండే లగ్గు కింద మందంగా ఆకుపచ్చ పెయింటు. మెరిసేదాకా ఎమరీ పేపరుతో రుద్ది బిగించాక ఇంజిన్ ఒక్క నొక్కుకే అందుకుంది. ఆ ఓనరు బండి అమ్మేద్దామన్నంత విసిగిపోయి ఉన్నాడు.

బటన్ నొక్కినప్పుడు సెల్ఫ్ స్టడ్‌కూ దాని బాడీకీ మధ్య 20 వోల్టులకు పైగా ఉండి, ఇంజిన్ చేత్తో తిప్పితే తిరుగుతూ, అయినా సెల్ఫ్ కదలకపోతే అప్పుడు దించండి.

అపోహ: బటన్ నొక్కితే టకటకమని కొట్టుకుంటోందంటే సాలినాయిడ్ పోయింది.

వాస్తవం: చాలాసార్లు పోయింది అది కాదు. కాంటాక్ట్ పడగానే మోటారు కరెంటు లాగుతుంది, బలహీనమైన బ్యాటరీ వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతుంది, సాలినాయిడ్‌ను పట్టి ఉంచే హోల్డింగ్ కాయిల్ పట్టు వదిలేస్తుంది. లోడ్ పోగానే వోల్టేజీ లేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఆ చప్పుడు ఇదే. మళ్లీ బ్యాటరీల దగ్గరికీ, జాయింట్ల దగ్గరికీ వెళ్లండి.

అపోహ: రేడియోకు 12 వోల్టులు కావాలంటే ఒక బ్యాటరీ నుంచి తీసుకుంటే చాలు.

వాస్తవం: ఆ బ్యాటరీ దిగిపోతుంది, రెండోది ఓవర్‌ఛార్జ్ అవుతుంది, కొన్నాళ్లకు రెండూ పాడవుతాయి. 24ను 12గా మార్చే కన్వర్టర్ పెట్టండి. బ్యాటరీలు మార్చేటప్పుడు రెండూ ఒకేసారి, ఒకే రకానివి మార్చండి.

అపోహ: సుత్తితో కొడితే సెల్ఫ్ బాగవుతుంది.

వాస్తవం: మోటారు లోపల కరెంటు అందించే కార్బన్లు అరిగితే, అలా కొట్టినప్పుడు ఒకసారి తిరగొచ్చు. బాగయినట్టు కాదు.

అపోహ: కీ వదిలినా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటే కీ స్విచ్ ఇరుక్కుంది.

వాస్తవం: స్విచ్ కంటే ముందు రిలే మీద, సాలినాయిడ్ మీద అనుమానపడండి. 1980లలో అమెరికా సైన్యం తీసుకున్న షెవర్లే సీయూసీవీ (మామూలు షెవర్లే బండ్ల మిలిటరీ రూపం) బండ్లకు ఇది బాగా తెలిసిన జబ్బు. వాటిలో లైట్లు 12 వోల్టుల మీద, సెల్ఫ్ 24 మీద పనిచేస్తాయి. డ్యాష్‌బోర్డు కింద ఉండే స్టార్టర్ రిలే కాంటాక్టులు అతుక్కుపోతే కీ తీసేసినా మోటారు ఆగదు. దిగిన బ్యాటరీలతో పదే పదే ప్రయత్నిస్తే కాంటాక్టులు ఇంకా త్వరగా కాలతాయి. అప్పుడు బ్యాటరీ కరెంటు తెంచడం ఒక్కటే మార్గం. చేతికందే చోట మెయిన్ కటాఫ్ స్విచ్ లేకపోతే మిగతా రిపేర్ల కంటే ముందు అది పెట్టించండి. ఏ పని మొదలుపెట్టినా ఉంగరం, వాచీ తీసేయండి. 24 వోల్టులు షాక్ కొట్టవు కానీ, స్పానర్‌కూ బాడీకీ మధ్య ఇరుక్కున్న ఉంగరం క్షణంలో ఎర్రగా కాలుతుంది. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర.