టెలికన్వర్టర్ వెలుతురును తినేస్తుందా? అపోహలు - వాస్తవాలు

పక్షుల ఫొటోలు తీసేవారికి లెన్సు ఎంత పొడవున్నా చాలదు. నేలపట్టులో గూడబాతులు, పులికాట్‌లో రాజహంసలు మనం నిలబడగలిగిన చోటికి ఎప్పుడూ దూరంగానే ఉంటాయి. అందువల్ల కెమెరాకూ లెన్సుకూ నడుమ బిగించి, లెన్సు పొడవును 1.4 లేదా 2 రెట్లు పెంచే టెలికన్వర్టర్ అనే ఈ చిన్న అద్దాల గొట్టం గురించి కొత్తవారు తరచుగా అడుగుతుంటారు. వారికి దొరికే సమాధానాల్లో అర్ధసత్యాలే ఎక్కువ.

అపోహ: 1.4 రెట్ల కన్వర్టర్ వేస్తే సగం వెలుతురు పోతుంది, కనుక పక్షి మీద నాయిస్ (ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు) పెరుగుతుంది.

ఇందులో మొదటి మాట లెక్కకు సరైనదే. 1.4 రెట్ల కన్వర్టర్‌తో ఒక స్టాప్ (అంటే వెలుతురు సగం కావడం), 2 రెట్ల దానితో రెండు స్టాపులు తగ్గుతాయి. 500 మి.మీ. ఎఫ్/4 లెన్సు మొదటి దానితో 700 మి.మీ. ఎఫ్/5.6గా, రెండవ దానితో 1000 మి.మీ. ఎఫ్/8గా మారుతుంది. అయితే ఆ వెలుతురు ఎక్కడికి పోయిందో చూడాలి. ఎఫ్ పక్కనున్న అంకెతో లెన్సు పొడవును భాగిస్తే, అంటే 500ను 4తో భాగిస్తే 125 మి.మీ. వస్తుంది; వెలుతురు లోపలికి వచ్చే ద్వారం వ్యాసం అదే. కన్వర్టర్ వెనుక చేరినంత మాత్రాన ఆ ద్వారం కుంచించుకుపోదు, కనుక పక్షి నుంచి లెన్సులోకి వచ్చే వెలుతురు ఏమీ తగ్గదు. అదే వెలుతురు సెన్సర్ మీద రెండింతల వైశాల్యంలో పరుచుకోవడం వల్ల ఒక్కొక్క పిక్సెల్‌కు సగమే అందుతుంది, షట్టర్ వేగం మార్చకపోతే ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వాన్ని తెలిపే అంకె) ఉదాహరణకు 800 నుంచి 1600కు పెరుగుతుంది. కానీ పక్షి కూడా రెండింతల పిక్సెళ్లను ఆక్రమిస్తుంది. కన్వర్టర్ లేకుండా తీసి, పక్షి అదే పరిమాణంలో కనబడేలా క్రాప్ చేసి (చుట్టూ కత్తిరించి) రెండింటినీ పక్కపక్కన పెడితే, నాయిస్‌లో తేడా కనిపెట్టడం కష్టం. కన్వర్టర్‌లోని అద్దాల దగ్గర పోయే కాస్త వెలుతురు మాత్రమే అసలైన నష్టం. ఐఎస్‌ఓ అంకె పెరిగిందన్న ఒక్క భయంతో దాన్ని సంచిలోనే ఉంచుకోవడం నా దృష్టిలో అనవసరం.

అపోహ: కన్వర్టర్ వల్ల ఫొటో మెత్తబడుతుంది (పదును తగ్గుతుంది), క్రాప్ చేసుకోవడమే ఎప్పుడూ మేలు.

ఇది లెన్సును బట్టి నిజమో అబద్ధమో అవుతుంది. కన్వర్టర్ కొత్త వివరాన్ని సృష్టించదు. లెన్సు గీసిన బొమ్మ నడిమి భాగాన్ని పెద్దది చేస్తుంది, దానితోపాటు ఆ లెన్సు లోపాలనూ పెద్దవి చేసి, తన లోపాన్ని కొంత కలుపుతుంది. మరోవైపు క్రాప్ చేస్తే పిక్సెళ్లు పోతాయి. 45 మెగాపిక్సెళ్ల ఫొటోను 1.4 రెట్ల మేరకు క్రాప్ చేస్తే దాదాపు 23, 2 రెట్ల మేరకు చేస్తే 11 మిగులుతాయి. పదునైన ప్రైమ్ లెన్సు (జూమ్ లేనిది) ఇచ్చే వివరం సెన్సర్ పట్టుకోగలిగిన దానికంటే ఎక్కువగా ఉంటుంది కాబట్టి అక్కడ కన్వర్టర్‌దే పైచేయి. 600 మి.మీ. దగ్గర ఎఫ్/6.3 ఉండే జూమ్‌కు 1.4 రెట్లది తగిలిస్తే ఎఫ్/9 దగ్గరికి చేరుతుంది. ఆ కొసన లెన్సే కొంత మెత్తగా ఉంటే, కన్వర్టర్ ఆ మెత్తదనాన్నే పెద్దది చేసి చూపుతుంది. అలాంటి జూముల మీద నేను క్రాప్‌నే ఎంచుకుంటాను. 2 రెట్ల కన్వర్టర్‌ను 400 మి.మీ. ఎఫ్/2.8 వంటి లెన్సులకే పరిమితం చేసి, వెలుతురు ఉన్నప్పుడు లెన్సు ద్వారాన్ని ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8కి తగ్గించి వాడమని సూచిస్తాను.

మీ లెన్సు సంగతి తేల్చుకోవడానికి కదలకుండా కూర్చున్న గూడబాతు చాలు. ట్రైపాడ్ మీద కన్వర్టర్‌తోనూ, అది లేకుండానూ తీసి, క్రాప్ చేసిన దాన్ని కన్వర్టర్‌తో తీసిన దాని కొలతకు పెంచి, పక్షి పైముక్కు పొడవునా వరుసగా ఉండే ముదురు మచ్చల అంచులను చూడండి. కన్వర్టర్‌తో తీసిన దానిలో ఆ అంచులు మరింత స్పష్టంగా ఉంటేనే అది మీ లెన్సుకు పనికొచ్చినట్టు.

అపోహ: ఎఫ్/5.6 దాటితే ఆటోఫోకస్ పనిచేయదు.

డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరాల) కాలంలో ఈ మాటకు ఆధారం ఉండేది. వాటిలోని ప్రత్యేక ఫోకస్ సెన్సర్‌లో చాలా బిందువులు ఎఫ్/5.6 వరకే పనిచేసేవి. నికాన్ డీ500 వంటి మంచి కెమెరాలో కూడా 153 బిందువుల్లో 15 మాత్రమే ఎఫ్/8 దగ్గర పనిచేస్తాయి. మిర్రర్‌లెస్ కెమెరాలు ప్రధాన సెన్సర్ మీదనే ఫోకస్ చేస్తాయి కాబట్టి ఎఫ్/11 దగ్గర కూడా ఫోకస్ పట్టుకునేవి చాలా ఉన్నాయి. అయితే తెల్లవారుజామున, మబ్బు పట్టినప్పుడు వేగం తగ్గే మాట వాస్తవం, ఎగిరే పక్షుల దగ్గర అది బాగా తెలుస్తుంది.

అపోహ: దగ్గరి వస్తువుల మీద ఫోకస్ కుదరదు.

కనిష్ఠ ఫోకస్ దూరం మారదు. అంతే దూరం నుంచి బొమ్మ పెద్దదవుతుంది కనుక తూనీగలు, సీతాకోకచిలుకలు తీసేవారికి ఇది మేలే చేస్తుంది.

అపోహ: మౌంట్ (లెన్సు బిగించే అమరిక) ఒకటైతే ఏ లెన్సుకైనా సరిపోతుంది.

చాలా కన్వర్టర్ల ముందు అద్దం బయటికి పొడుచుకొని ఉంటుంది, అది లెన్సు వెనుక భాగంలోకి దూరుతుంది. అక్కడ ఖాళీ లేని లెన్సుకు బలవంతంగా బిగిస్తే అద్దాలు తగిలి రెండూ పాడవుతాయి. కానన్ ఆర్‌ఎఫ్ 100-500 లెన్సుకు ఎక్స్‌టెండర్ (కన్వర్టర్‌కు కానన్ పెట్టిన పేరు) బిగించాలంటే జూమ్‌ను 300 దాటించాలి, ఆ తరువాత 300-500 మధ్యనే వాడుకోవాలి. కొనేముందు తయారీదారు ఇచ్చే జాబితాను తప్పనిసరిగా చూడండి.

అపోహ: ఫొటో మసకగా వచ్చిందంటే తప్పు కన్వర్టర్‌దే.

తరచుగా తప్పు గాలిది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద నిలబడి, ఎండ ముదిరాక పులికాట్ ఎండుబురద మీదుగా దూరంలోని రాజహంసలను చూస్తే వాటి కాళ్లు అలల్లా వంకరలు తిరుగుతూ కనిపిస్తాయి. నేల వేడికి కదిలే గాలిపొరలను ఏ అద్దమూ సరిచేయలేదు. పొడవు పెరిగేకొద్దీ ఆ కదలికా పెద్దదవుతుంది. చేతి వణుకు కూడా అంతే, 2 రెట్ల కన్వర్టర్ వేసినప్పుడు ఎక్స్‌పోజర్ సమయాన్ని సగానికి తగ్గించాలి. అనుమానం వస్తే, కదలని పక్షిని వేగమైన షట్టర్‌తో వరుసగా పది ఫ్రేములు తీయండి. ఒక ఫ్రేములో పదునుగా, తరువాతి దానిలో వంకరగా వస్తే అది గాలి పని. పదీ ఒకే తీరుగా మెత్తగా ఉంటే అప్పుడు ఫోకస్‌ను, ఆ తరువాత కన్వర్టర్‌ను అనుమానించండి.