కారు ఆగిపోయింది, వెంటనే ఇంకోటి కావాలి: సెకండ్ హ్యాండ్ కొనుగోలులో అపోహలు - వాస్తవాలు

పిల్లల్ని బడి దగ్గర దింపాలి, ఇద్దరూ ఆఫీసుకు పోవాలి, ఉన్న కారేమో షెడ్డులో పడి ఉంది. చాలామంది ఇలాంటి వారంలోనే కంటికి కనిపించిన కారు కొనేస్తారు. అమ్మేవాళ్లకు ఆ తొందర ఇట్టే తెలిసిపోతుంది. రెండు వారాలు క్యాబుల్లో తిరిగినా సరే, ఇంజిన్ విప్పించే ఖర్చుతో పోలిస్తే అది తక్కువే.

అపోహ: ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయింది, ఇంజిన్ బాగున్నట్టే.

వేడి మీదున్న ఇంజిన్ జబ్బును దాచేస్తుంది. ముందుగా స్టార్ట్ చేసి ఉంచొద్దని ఫోన్లోనే చెప్పి, పొద్దున్నే వెళ్లండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకోరోజు వస్తామని చెప్పి వచ్చేయండి.

చల్లగా ఉంటే ఆయిల్ మూత తీసి లోపలివైపు చూడండి. పాలు ఎక్కువైన కాఫీ రంగులో జిగురు కనిపిస్తే ఆయిల్‌లో నీరు చేరుతోందని అర్థం. ఊళ్లో కొద్దికొద్ది దూరాలే తిరిగే కార్లలో తేమ వల్ల మూతకు కాస్త పట్టడం మామూలే. అందుకే డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ) కూడా తీసి చూడాలి. దాని మీదా అదే రంగు ఉన్నా, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) డబ్బాలో నూనె తెట్టు తేలుతున్నా హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, పోయిందనే అనుమానించాలి. ఆ కారు వదిలేయండి.

స్టార్ట్ చేసేటప్పుడు ఒకరు సైలెన్సర్ వెనక నిలబడండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోంది. తర్వాత ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా నడపండి. ముందు చక్రాల దగ్గర టకటకమంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ అరిగింది. ఫ్లైఓవర్ ఎక్కుతూ నాలుగో గేరులో యాక్సిలరేటర్ తొక్కితే మోత పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ ప్లేటు ఆఖరుకొచ్చింది.

అపోహ: మీటరులో కిలోమీటర్లు తక్కువ కాబట్టి కారు తక్కువ తిరిగింది.

మీటరు తగ్గించడం కష్టమైన పనేం కాదు. 30,000 చూపించే కారులో బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే నమ్మొద్దు. టైరు పక్కన DOT అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. కారు వయసు మూడేళ్లు, తిరిగింది 20,000 అంటూనే నాలుగు టైర్లూ నిరుడు మార్చినవైతే ఎందుకు మార్చారో అడగాలి. కంపెనీ సర్వీస్ రికార్డు లేకుండా మీటరు అంకెకు విలువ కట్టొద్దు.

అపోహ: లోపలంతా శుభ్రంగా ఉంది, నీళ్లలో మునిగిన కారు కాదు.

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో విజయవాడలో ఎన్నో కార్లు నీళ్లలో మునిగాయి. సీటు కవర్లు, మ్యాట్లు మార్చేస్తే పైకి ఏమీ తెలియదు. సీటు బెల్టు చివరిదాకా లాగండి. లోపల చుట్టుకుని ఉన్న భాగాన్ని ఉతకడం ఎవరికీ గుర్తుండదు, అక్కడ బురద గీత అలాగే ఉండిపోతుంది. స్టెప్నీ గుంట, సీటు కింది బోల్టులు, డ్యాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్లు టార్చి వేసి చూడండి. కనెక్టర్లలో పచ్చగా చిలుము పట్టి ఉంటే ధర ఎంత తగ్గించినా వద్దు. ఆ కారులో ఈరోజు పవర్ విండో పోతుంది, రేపు ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ (ఈసీఎం) పోతుంది.

అపోహ: రోజూ తిరుగుతాం కదా, డీజిలే లాభం.

బడి మూడు కిలోమీటర్లు, ఆఫీసు ఆరు కిలోమీటర్లు ఉంటే పెట్రోలే మేలు. బీఎస్-6 కాలుష్య ప్రమాణాల డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) ఉంటుంది. అందులో మసి కాలాలంటే హైవే మీద ఆగకుండా కాసేపు నడవాలి. చిన్న చిన్న ట్రిప్పుల్లో అది మూసుకుపోతుంది.

అపోహ: ఇన్సూరెన్స్ ఇంకా ఎనిమిది నెలలుంది, అది మనకే.

థర్డ్ పార్టీ కవర్, అంటే ఎదుటివారికి జరిగే నష్టానికి ఉండేది, కారుతోపాటు వస్తుంది. మీ కారుకు జరిగే నష్టం తాలూకు కవర్ రావాలంటే, బదిలీ అయిన 14 రోజుల్లో పాలసీని మీ పేరు మీదికి మార్చుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మాత్రం మనిషిది, కారుది కాదు. పాత ఓనరు బోనస్ మీకు రాదు, ఆగిపోయిన మీ కారు మీద సంపాదించిన బోనస్ ఎక్కడికీ పోదు. అయిదేళ్లు క్లెయిమ్ లేకుంటే అది 50 శాతం దాకా ఉంటుంది. షెడ్డులో ఉన్న కారుకు ఇన్సూరెన్స్ ఎందుకులే అని వదిలేస్తే, గడువు ముగిసి 90 రోజులు దాటాక అదంతా పోతుంది.

అపోహ: పాత కారు ఇచ్చేశాం, మనకిక సంబంధం లేదు.

ఆర్సీలో పేరు మారేదాకా ఓనరు మీరే. ఆ కారు ప్రమాదం చేస్తే పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్నవారిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు చేసి చేతికిచ్చేస్తే చాలదు. ఆన్‌లైన్‌లో పేరు మారిందో లేదో మీరే చూసుకోవాలి. వేరే రాష్ట్రం వారికి అమ్మితే ఫారం 28 ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. లోను ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ, ఆర్సీలో లోను వివరం తీయించే ఫారం 35 కావాలి. తుక్కుకు ఇస్తే రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రానికే ఇచ్చి, డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకుని ఆర్సీ రద్దు చేయించండి.

తాళాలు ఇచ్చే ముందు ఫాస్టాగ్ అకౌంటు మూసేసి, అద్దం మీది స్టిక్కరు గీకేయండి. లేకపోతే వాళ్లు దాటే టోల్‌గేట్లకు మీ ఖాతాలోంచి డబ్బులు పోతుంటాయి.