కొల్లేరు గొడవలో కాంటూరు కంటే ముందు చూడాల్సింది కౌలు

కొల్లేరు అభయారణ్యం హద్దు ఎక్కడన్న తగాదా మళ్లీ రాజుకుంది. 1999లో జీవో 120తో +5 కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా, అంటే 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యమైంది. దాన్ని +3కి కుదిస్తే మిగిలేది సుమారు 135. రెండే అడుగుల తేడాకు ఇంత నేల ఎలా పోతుందంటే, సరస్సు పళ్లెంలా చదునుగా ఉండటమే కారణం. లెక్క వరకు అందరికీ తెలిసిందే. ఆ నేలను ఎవరు, ఏ పేరు మీద సాగు చేశారన్నదే ఎప్పుడూ పక్కకు పోతుంది.

చెరువులు రాకముందు లంక గ్రామాల వడ్డీ కులపు మత్స్యకారులు మావులనే ఉచ్చులు పెట్టి నల్లజాతి చేప పట్టేవారు. వేసవిలో నీరు తీశాక బయటపడ్డ నేలలో దాళ్వా (రబీ) వరి వేసేవారు. ముంపొస్తే పంట పోయేది. 1976లో ప్రభుత్వం సహకార సొసైటీలు పెట్టించి, మత్స్యకారులకూ దళితులకూ చేపల చెరువుల కోసం సరస్సు నేల ఇచ్చింది. అసలు మలుపు ఇదే. నేల ఇచ్చారు గానీ పెట్టుబడికి దారి చూపలేదు. గట్టు వేయాలి, ఇంజిన్లతో నీరు తోడాలి, బొచ్చె, శీలావతి పిల్ల కొనాలి, పట్టుబడి దాకా మేత పెట్టాలి. తవుడు, డీఓబీ (నూనె తీసిన తవుడు) కలిపి చిల్లులు పెట్టిన బస్తాల్లో నింపి, వాటిని కర్రలకు కట్టి నీళ్లలో వేలాడదీస్తారు. రోజూ కావాల్సిన ఈ మేత ఖర్చు దగ్గరే సొసైటీ సభ్యుడు చేతులెత్తేశాడు. బయటి పెట్టుబడిదారు వచ్చి కౌలు కట్టాడు. కాగితం మీద సొసైటీ అలాగే ఉంది. సభ్యుడికి మాత్రం ఏడాదికో వాటా, గట్టు మీద కాపలా పని మిగిలాయి. చెరువులు పట్టా నేలల్లోకీ పాకాయి.

ఒకసారి చెరువైన నేల మళ్లీ పొలం కావడం కష్టం. గట్టుకు కావాల్సిన మన్ను లోపలి అంచు నుంచే ఎత్తుతారు కాబట్టి గట్టు వెంబడి లోతైన గాడి పడుతుంది. ఆ గాడిలో నీరు దిగదు, అక్కడ వరి నిలవదు. గట్ల మధ్య ఇరుక్కున్న వరదకు ఉప్పుటేరే దిక్కు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లన్నీ ఆ ఒక్క దారినే సముద్రానికి పోవాలి.

అభయారణ్యంలోని చేపల చెరువులను తొలగించే 2006 ‘ఆపరేషన్ కొల్లేరు’లో పొక్లెయిన్లతో, కొన్నిచోట్ల పేలుడు పదార్థాలతో గట్లు తెంచారు. చాలాచోట్ల తెంచారే గానీ చదును చేయలేదు. ఈ తేడా చిన్నదేం కాదు. గండి పడ్డ గట్టులో మిగతా భాగం నిలిచే ఉంటుంది, గాడీ ఉంటుంది. గండి పూడిస్తే చెరువు మళ్లీ సిద్ధం. గట్లు తిరిగి లేవడానికి అధికారుల ఉదాసీనత, నాయకుల అండ కారణాలన్న పర్యావరణవాదుల మాట నిజమే. కానీ ఆ రోజు కౌలుదారు నష్టపోయింది ఒక పంట, సభ్యుడు పోగొట్టుకుంది జీవనాధారం. ఆ ఖాళీలోకి మళ్లీ వచ్చింది పెట్టుబడి ఉన్నవాడే.

+3కి కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ దానికి ఒప్పుకోలేదు. సరస్సు వైపు నుంచి చూస్తే కమిటీ మాటే సబబు, 2002 నుంచి ఇది రామ్సార్ చిత్తడి నేల కూడా. అభయారణ్యంలో చిక్కిన జిరాయితీ (పట్టా ఉన్న ప్రైవేటు) భూములకు పరిహారం ఇవ్వాలన్న వాదన కూడా కొట్టిపారేసేది కాదు. అయితే కుదింపైనా, పరిహారమైనా పట్టా ఉన్నవాళ్ల వరకే. జిరాయితీ రైతు సర్వే నంబరు చూపగలడు. సొసైటీ సభ్యుడికి ఉన్నది జాబితాలో పేరు, అదీ చాలాచోట్ల తండ్రిదో తాతదో. నోటిమాట మీద నడిచిన కౌలుకైతే ఏ రికార్డూ ఉండదు. హద్దు రాళ్లు +5 దగ్గర పాతినా, +3 దగ్గర పాతినా, చెరువు ఎవరి పేరున ఉంది, మేత బస్తాలు ఎవరు కొంటున్నారు అన్న రెండు ప్రశ్నలూ సర్వే కాగితాల్లో లేవు.