బరువంతా ఒకేసారి ఎందుకు పెట్టకూడదు?

కృష్ణలంక, విజయవాడ

చిరంజీవులు పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న శనివారం రాత్రి మన చిన్నది నన్నొక ప్రశ్న అడిగింది. వాళ్ళ నాన్న లాప్‌టాప్‌లో లారీ కమాను కట్ట, అంటే లారీ కింద బరువు మోస్తూ వంగే ఇనుప పట్టీల స్ప్రింగు, బొమ్మ తయారుచేసి దాని మీద లోడు పెట్టాడు. సాఫ్ట్‌వేర్ కాసేపు ఆలోచించి, లెక్క కుదరలేదని ఆగిపోయింది. అదే లోడును పది వంతులు చేసి ఒక్కో వంతే పెడితే మాత్రం చక్కగా కుదిరింది. "బరువు అదే కదా తాతయ్యా! కొంచెం కొంచెంగా పెడితే ఎందుకు ఒప్పుకుంది?" అంది. తెల్లారి మీ నానమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే నాకు జవాబు కళ్ళెదుటే కనిపించింది.

మన దండెం చూశారుగా, రెండు కొక్కేల మధ్య నైలాన్ తాడు. ఖాళీగా ఉన్నప్పుడు తిన్నగా ఉంటుంది. వేలితో నొక్కితే చాలు, దిగిపోతుంది. తడి తువ్వాలు ఒకటి వేస్తే బాగా దిగుతుంది. అదే చోట రెండోది వేయండి, మొదటిది దింపినంత దింపదు. మూడోది ఇంకా తక్కువ. ఎందుకంటే తిన్నగా ఉన్న తాడు లాగుడంతా అటూ ఇటూ కొక్కేల వైపే ఉంటుంది, తువ్వాలును పైకి పట్టేది ఏమీ ఉండదు. కుంగాక తాడు ఏటవాలవుతుంది, ఆ లాగుడులో కొంత పైకి తిరుగుతుంది. సాగింది కాబట్టి బిగువూ పెరుగుతుంది. వదులు లేకుండా, బిగించకుండా కట్టిన సాగే తాడుకి మధ్యలో బరువు కడితే, కుంగు రెండింతలవ్వాలంటే బరువు దాదాపు ఎనిమిదింతలు కావాలి!

ఎంత లాగితే స్ప్రింగు అంత సాగుతుందని రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1678లో ప్రకటించాడు. మన తాడు ఆయన మాట మీరలేదు. దాని ఆకారం మారింది, అంతే. వంగిన వస్తువు పాత వస్తువు కాదు పిల్లలూ, దాని బలం వేరు.

నా చిన్నప్పుడు మా ఇంట్లో కొబ్బరి పీచు తాడే దండెం. మా అమ్మ తడి బొంతను ఒక్కసారిగా పడేసేది కాదు. ముందు ఒక అంచు వేసేది, తాడు ఎక్కడికి దిగిందో చూసేది, కింద వెదురు కర్ర సర్దేది, అప్పుడు ఇంకో మూర లాగేది. తొమ్మిదేళ్ళప్పుడు నేను తొందరపడి, నీళ్ళోడుతున్న బొంతను ఒక్క విసురు విసిరాను. కొక్కెం ఊడి వచ్చింది, బొంత బురదలో పడింది. అమ్మ తిట్టలేదు. మళ్ళీ ఉతికి, ఈసారి నా చేతే మెల్లగా వేయించింది.

కంప్యూటర్ కూడా మా అమ్మలాగే చేస్తుంది. ముందు కట్టను వేల చిన్న గడులుగా విడదీసుకుంటుంది. ఈ పద్ధతికి ఫైనైట్ ఎలిమెంట్ అనే పేరును రే క్లఫ్ అనే ఇంజనీరు 1960లో పెట్టాడు. వంగుడు కొద్దిగా ఉంటే ఒక్క లెక్కతో పని అయిపోతుంది. ఎక్కువ వంగేదైతే "లార్జ్ డిఫ్లెక్షన్" స్విచ్ వేయాలి. అప్పుడది ఒక వంతు బరువు పెట్టి, కట్ట ఎంత వంగుతుందో ఊహిస్తుంది. ఆ వంగిన ఆకారం నిజంగా ఎంత మోస్తోందో చూస్తుంది. పెట్టినదానికీ మోస్తున్నదానికీ తేడా ఉంటే, ఆ తేడాతో ఊహను సరిదిద్దుకుంటుంది. తేడా దాదాపు సున్నా అయ్యేదాకా ఇదే పని. దీన్ని న్యూటన్-రాఫ్సన్ పద్ధతి అంటారు. రాఫ్సన్ అనే ఇంగ్లీషు గణితవేత్త దీన్ని అచ్చు వేయించింది 1690లో.

ఆ పద్ధతికి ఒక షరతుంది. మొదటి ఊహ జవాబుకి దగ్గర్లో ఉండాలి. బరువంతా ఒకేసారి పెడితే కంప్యూటర్ ఇంకా వంగని కట్టనే చూసి, ఎక్కడో పాతాళానికి దిగుతుందని ఊహిస్తుంది. ఆ ఊహలో గడులు మెలితిరిగిపోతాయి, అక్కడినుంచి వెనక్కి దారి దొరకదు. అప్పుడే "కుదరలేదు" అంటుంది. అలా అన్నందుకు దాన్ని విసుక్కోకండి, అది నిజాయితీ. స్విచ్ వేయడం మరిచిపోతే ఠక్కున జవాబిస్తుంది, అందమైన రంగులతో సహా. నాకు భయమేసేది ఆ తప్పు జవాబు చూస్తేనే. తెలియనిది తెలియదనడం మీరూ అలవాటు చేసుకోండి.

కమాను కట్టలో ఇంకో చిత్రం ఉంది. మా నాన్న ఆటోనగర్‌లో కట్టల షెడ్డులో పనిచేసేవాడు. బడి లేని రోజు నేను లారీ కిందికి దూరి చూసేవాణ్ణి. పెద్ద కట్టల పైన హెల్పర్ కట్టలని చిన్నవి ఉంటాయి. ఖాళీ లారీలో వాటి చివరలు దేనికీ ఆనవు, వేలు దూరేంత సందు ఉంటుంది. గుంటూరు యార్డుకి మిర్చి బస్తాలు ఎక్కించాక ఆ సందు మూసుకుపోతుంది, చివరలు ఛాసిస్ కింది దిమ్మలకి తగులుతాయి. ఆ క్షణం నుంచి కట్ట ఒక్కసారిగా గట్టిపడుతుంది. మట్టీ గ్రీజూ పట్టిన నల్లటి కట్ట మీద, తాకే చోట మాత్రం ఇనుము వెండిలా మెరిసేది. ఆ మెరుపు మీద వేలు పెట్టి ఎంతసేపు కూర్చునేవాణ్ణో! ఎప్పుడు తగులుతుందో కంప్యూటర్‌కీ ముందు తెలియదు. అందుకే అక్కడ ఇంకా చిన్న అడుగులు వేస్తుంది. అడుగు కుదరకపోతే సగం చేసుకుని మళ్ళీ వేస్తుంది.

ఇప్పుడు మీరొక పని చేయండి. లంగా నాడాకి వాడే సన్న ఎలాస్టిక్‌ను రెండు కుర్చీల మధ్య తిన్నగా కట్టండి. మధ్యలో చిన్న గ్లాసు వేలాడదీసి గోళీలు ఒక్కొక్కటే వేయండి. ప్రతి గోళీకీ ఎంత దిగిందో స్కేలుతో కొలిచి రాయండి. వచ్చే ఆదివారం మనం ఆటోనగర్ వెళ్దాం. లోడు ఎక్కకముందు ఒకసారి, ఎక్కాక ఒకసారి లారీ కింద ఆ సందు కొలుద్దాం. చిన్నది టేపు పట్టుకోవాలి, పెద్దాడు రాసుకోవాలి.

మీ తాతయ్య