ఇంజన్లు శంషాబాద్‌కి వచ్చాయి, నడిపి చూసేవాళ్లు కావాలి

2025 నవంబర్ 26న శంషాబాద్‌లో ఫ్రాన్స్‌కి చెందిన సాఫ్రాన్ సంస్థ కట్టిన లీప్ అనే విమాన జెట్ ఇంజన్ల ఓవర్‌హాల్ కేంద్రాన్ని (విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించే చోటు) ప్రధాని ఆన్‌లైన్‌లో ప్రారంభించారు. పెట్టుబడి దాదాపు 1,300 కోట్లు. పూర్తి స్థాయికి వస్తే ఏడాదికి 300 ఇంజన్లు, వెయ్యికి పైగా ఉద్యోగాలు అన్నారు. అందరి కళ్లూ ఆ ఉద్యోగాల సంఖ్య మీదే పడ్డాయి. అందులో తొందరగా నేర్పలేని పని ఒకటుంది. రిపేరైన ఇంజన్‌ని విమానానికి బిగించకముందే స్టాండ్ మీద నడిపి, అది పనికొస్తుందో లేదో తేల్చడం. ఈ విద్య మన ఊళ్లో ఎందుకు పెరగలేదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

విమానాలు హైదరాబాద్‌కి కొత్త కాదు. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి డకోటాలు నడిపింది. అవి పిస్టన్ ఇంజన్లు. 1953లో జాతీయీకరణతో ఆ కంపెనీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. తర్వాత వైకౌంట్లు, 1964లో కారవెల్ జెట్లు వచ్చాయి. జెట్ ఇంజన్ల ఓవర్‌హాల్ షాపులు ఢిల్లీ, ముంబైలలో స్థిరపడ్డాయి. యుద్ధవిమానాల ఇంజన్ల పని బెంగళూరు, ఒడిశాలోని సునాబెడ హెచ్ఏఎల్‌లకు వెళ్లింది. మన బాలానగర్ హెచ్ఏఎల్ వంతుకి ఏవియానిక్స్ వచ్చాయి. 1973లో ఇక్కడే పుట్టిన లోహాల సంస్థ మిధాని ఎక్కువ వేడిని తట్టుకునే సూపర్ అల్లాయ్‌లు తయారు చేసింది. లోహం ఇక్కడిదే అయినా, ఇంజన్ ఓవర్‌హాల్‌లో చేయి తిరిగినవాళ్లు మాత్రం వేరే ఊళ్లలో తయారయ్యారు.

ప్రైవేటు ఎయిర్‌లైన్స్ వచ్చాక చాలా ఇంజన్లు రిపేరుకి దేశమే దాటాయి. ఇక్కడ చేయిస్తే 18 శాతం జీఎస్టీ పడేది. 2020 ఏప్రిల్ నుంచి దాన్ని 5 శాతం చేశాక గానీ లెక్క మారలేదు.

ఈలోగా శిక్షణ ఆగలేదు. లీప్ ఇంజన్లు తయారు చేసే సీఎఫ్ఎం సంస్థ 2010లోనే హైదరాబాద్‌లో శిక్షణ కేంద్రం తెరిచింది. ఊరంతా ఏఎంఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజనీరింగ్) కాలేజీలు వెలిశాయి. లైసెన్సు పరీక్షల్లోని మాడ్యూల్ 15లో గ్యాస్ టర్బైన్, అంటే జెట్ ఇంజన్ పాఠం మొత్తం ఉంటుంది, పిల్లలు రాత్రింబవళ్లు చదివి పాసవుతారు. కానీ ఆ లైసెన్సు విమానం దగ్గర పని సరిగ్గా జరిగిందని సంతకం పెట్టడానికి. ఇంజన్ షాపులో సంతకం పెట్టాలంటే ఆ సంస్థ విడిగా అధికారం ఇవ్వాలి, అందుకు అక్కడి అనుభవం కావాలి. షాపే లేని ఊళ్లో ఆ అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంజన్‌ని స్టాండ్ మీద నడిపి చూసే గదిని టెస్ట్ సెల్ అంటారు. అందులో ఏం జరుగుతుందో చూస్తే ఇది ఎంత బరువైన పనో తెలుస్తుంది. ముందు ఇంధనం ఇవ్వకుండా ఇంజన్‌ని గాలితో తిప్పి, ఆయిల్ ప్రెషర్ వస్తోందా, ఎక్కడైనా లీకుందా చూస్తారు. తర్వాత ఇంధనం వదులుతారు. ఇంజన్ అంటుకోగానే ఈజీటీ, అంటే ఎగ్జాస్ట్ వేడి, సర్రున లేస్తుంది. లీప్‌కి ముందు తరమైన సీఎఫ్ఎం56-7బీ ఇంజన్‌కైతే స్టార్టింగ్‌లో ఆ వేడి 725 డిగ్రీలు దాటకూడదు. ఎన్2, అంటే ఇంజన్ లోపలి షాఫ్ట్ తిరిగే వేగం, పెరగకుండా వేడి ఒక్కటే ఎక్కుతుంటే హద్దు దాకా ఆగకుండా ఇంధనం కట్ చేయాలి. ఇంధనం లివర్ మీద చెయ్యి ఉన్న టెక్నీషియన్‌కి ఆలోచించుకునే టైమ్ ఉండదు. కట్ చేశాక కూడా ఇంజన్‌ని కాసేపు గాలితోనే తిప్పి, లోపల మిగిలిన ఇంధనాన్ని బయటికి తోసేయాలి.

ఆ జాగ్రత్త ఎందుకో జెట్ ఇంజన్ మొదటి రోజుల్లోనే తెలిసొచ్చింది. 1937 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని రగ్బీ అనే ఊళ్లో, జెట్ ఇంజన్ సృష్టికర్తల్లో ఒకరైన ఫ్రాంక్ విటిల్ తన ఇంజన్‌ని మొదటిసారి నడిపినప్పుడు అది అదుపు తప్పింది. వాల్వు మూసినా వేగం పెరుగుతూనే పోయింది, చుట్టూ ఉన్నవాళ్లు పరుగెత్తారు. లోపల మడుగు కట్టిన ఇంధనం మండుతోందని తర్వాత తేలింది.

ఇక అంకెల సంగతి. శంషాబాద్ సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంది, మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ప్రమాణంగా తీసుకునేదేమో సముద్రమట్టం, 15 డిగ్రీలు. సెల్‌లో కనిపించిన థ్రస్ట్ (ఇంజన్ తోసే బలం), ఈజీటీ, ఇంధన వాడకం అన్నిటినీ ఆ ప్రమాణానికి సవరించాకే ఇంజన్ పాసో ఫెయిలో చెప్పాలి. కంప్యూటర్ ఆ లెక్క చేసి పెడుతుంది. వచ్చిన అంకెని నమ్మాలా, సెన్సార్‌ని అనుమానించాలా అన్నది మనిషే తేల్చుకోవాలి. వైబ్రేషన్ కాస్త ఎక్కువ చూపిస్తే అది ఫ్యాన్ బ్యాలెన్స్ లోపమా, బేరింగ్ పాడవడమా అన్నదీ అంతే. పుస్తకం దారి చూపిస్తుంది, గుర్తుపట్టడం మాత్రం పక్కన సీనియర్ ఉండగా ఇంజన్లు నడిపి చూస్తేనే వస్తుంది.

హాట్ స్టార్ట్ (స్టార్టింగ్‌లో వేడి హద్దు దాటడం), సర్జ్ (లోపలి గాలి ప్రవాహం తారుమారవడం) లాంటివి కోట్ల ఖరీదు చేసే ఇంజన్ మీద కావాలని తెప్పించలేం కాబట్టి వాటికి సిమ్యులేటర్ తప్పదు. మిగతాదానికి నిజమైన ఇంజనే కావాలి. పాత సీఎఫ్ఎం56లు ఒక్కొక్కటిగా సర్వీసు నుంచి తప్పుకుంటున్నాయి. అలాంటి ఒకదాన్ని చిన్న టెస్ట్ స్టాండ్‌తో సహా ప్రభుత్వ స్కిల్స్ యూనివర్సిటీకి ఇప్పించి, ఢిల్లీ, ముంబై, సునాబెడ షాపుల్లో రిటైరైన టెస్టర్లను పిలిచి పాఠం చెప్పించాలి. వాళ్లలో చాలామందికి ఇప్పటికే వయసు మీద పడుతోంది. ఈ పని వచ్చే ఏడాదికి వాయిదా వేయకూడదు.