దారం చూపిన దారి

"అమెరికా మనకు పడమరన కదరా, మా విమానం ఉత్తరానికి పోయిందేంటి?"

చికాగోలో దిగి అమ్మ ఫోన్‌లో మొదట అడిగింది ఇదే. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి అక్కడికి ఎక్కడా ఆగని సర్వీసు మొదలుపెట్టిన కొత్త. సీటు ముందు స్క్రీన్ మీద బొమ్మ విమానం రష్యా దాటి మంచు సముద్రం మీదకు వెళ్తుంటే టెన్షన్‌తో నిద్రే పట్టలేదట.

అడగాల్సిన ప్రశ్నే. గోడ మీది ప్రపంచపటంలో ఈ రెండు ఊళ్ల మధ్య స్కేలు పెట్టి గీస్తే ఆ గీత అరేబియా, ఉత్తర ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. దాని వెంటే ఎగిరితే దాదాపు 16,100 కిలోమీటర్లు.

అమ్మ తిరిగొచ్చాక పిల్లల గ్లోబు ముందు పెట్టుకుని కూర్చున్నాం. కుట్టుమిషన్ దారం ఒక కొసను హైదరాబాద్ మీద తను బొటనవేలితో నొక్కిపట్టింది, రెండో కొసను చికాగో మీద నేను పట్టుకున్నాను. వదులుగా ఉన్నంతసేపూ దారం ఆఫ్రికా మీద వాలి ఉంది. బిగించేసరికి సర్రున పైకి జారింది. కజకిస్తాన్, ఉరల్ కొండలు, నార్వేకి ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవులు, గ్రీన్‌లాండ్, హడ్సన్ బే అంచు... "నేను చూసిన దారి ఇదే!" అంది అమ్మ.

బిగిసిన దారం అంటే ఇక తగ్గడానికి వీల్లేని దూరం. దీన్నే గ్రేట్ సర్కిల్ దారి అంటారు. రెండు ఊళ్ల మీదుగా, సరిగ్గా నడిమధ్య నుంచి కత్తి దిగేలా భూమిని నిమ్మకాయలా రెండు చెక్కలు చేస్తే, ఆ కోత అంచే ఈ దారి. హైదరాబాద్, చికాగోల మధ్య ఇది సుమారు 13,280 కిలోమీటర్లు. స్కేలు గీత కంటే 2,800 తక్కువ. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి మూడు గంటల ప్రయాణం, ఆ మూడు గంటల ఇంధనం మిగిలినట్టే.

పటం మాత్రం ఏం చేస్తుంది? 1569లో గెరార్డస్ మెర్కేటర్ దాన్ని నావికుల కోసం గీశాడు. దిక్సూచి చూపే ఒకే దిక్కు పట్టుకుని పోయే ఓడ దారి అందులో తిన్నని గీతగా రావాలి. అందుకోసం ధ్రువాల వైపు భూమిని సాగదీయాల్సి వచ్చింది: 60 డిగ్రీల అక్షాంశం దగ్గర రెండింతలు, మన దారం ఎక్కిన 79 దగ్గర ఐదింతలు. అక్కడి కాస్త దూరం మన కంటికి పెద్ద చుట్టుదారిలా కనబడేది అందుకే. బడిలో గ్లోబును బీరువాలో పెట్టి తాళం వేసి, గోడ పటంతోనే పాఠం ముగించడం నాకు ఇప్పటికీ బాధే.

విమానం అచ్చంగా దారం వెంటే పోతుందనీ చెప్పలేం. పదీ పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు ఉరికే జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం ఎదురైతే పక్కకు తప్పుకోవాలి. మూసేసిన గగనతలాన్ని చుట్టి వెళ్లాలి. 2022లో రష్యా తన గగనతలంలోకి యూరప్ విమానాలను రానివ్వకపోవడంతో ఫిన్లాండ్ విమాన సంస్థ ఫిన్‌ఎయిర్ వారి హెల్సింకి-టోక్యో ప్రయాణం తొమ్మిది గంటల చిల్లర నుంచి 13 గంటలకు పెరిగింది. కొన్ని విమానాలు ఉత్తర ధ్రువం మీదుగానే వెళ్లాయి. అలా ధ్రువం దాటినవారికి ఆ సంస్థ సర్టిఫికెట్ కూడా ఇచ్చింది.